బకెట్ మోడ్

సౌమ్య పనిచేసే వాషింగ్ మెషిన్ల కంపెనీకి పుట్టిల్లు జర్మనీ, బెంగళూరు అత్తిల్లు. కొత్తవి కనిపెట్టడం అక్కడివాళ్ల పని, వాటిలో తప్పులు వెతకడం ఇక్కడివాళ్ల పని. అయినా బెంగళూరు డైరెక్టర్ సుధీర్ ఒక గదికి 'ఇన్నోవేషన్ హబ్' అని బోర్డు తగిలించి, బీన్ బ్యాగులు వేయించాడు. భోజనాలయ్యాక అందరూ అక్కడే కునుకు తీసేవాళ్లు.

సౌమ్య మాత్రం నిజంగానే ఒకటి కనిపెట్టింది. ఉతుకుతూ ఉండగా కుళాయి ఆగిపోతే మెషిన్ మొరాయించదు. మూత తెరిచి, "రెండు బకెట్ల నీళ్లు పొయ్యండి" అని అడుగుతుంది.

సుధీర్ ఆ సంగతి జర్మనీకి రాశాడు. "కుళాయిలో నీళ్లు ఎందుకు ఆగుతాయి?" అని జవాబొచ్చింది. కథ అక్కడితో ముగిసేదే.

కానీ కొన్నాళ్లకే జర్మనీ నుంచి పెద్ద బాస్ మత్తియాస్ బెంగళూరు వచ్చాడు. ఆయన దోసె తింటుండగా సౌమ్య పక్కన చేరింది.

"పోయినసారి వీడియో కాల్‌లో మీరు చెప్పిన బకెట్ ఐడియా అద్భుతం సార్!"

మత్తియాస్ నమలడం ఆపాడు. "నేను చెప్పానా?"

"మీరే సార్."

"అవునవును," అన్నాడాయన, కాస్త ఛాతీ విరుచుకుని. ఆయన తిరిగి వెళ్లీ వెళ్లకముందే డబ్బు, మనుషులు అన్నీ మంజూరయ్యాయి.

సౌమ్య కింద పనిచేసే చందుకి ఒళ్లు మండింది. "మన ఐడియా ఆయనకు దానం చేస్తివి గదక్కా!"

"పేరు ఆయనదైతే ఏమప్పా? పని మన చేతిలో ఉండాది గదా," అంది సౌమ్య.

మెషిన్ తయారైంది. బెంగళూరులోనే విడుదల. మత్తియాస్ వేదికెక్కి, "ఈ ఆలోచన మా ఇంటి స్నానాలగదిలో పుట్టింది," అన్నాడు. ముందు వరసలో కూర్చున్న సౌమ్యకి చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. ఇంత బాధేస్తుందని ఆమె అనుకోలేదు.

విలేకరి ఒకామె లేచింది. "మీ ఇంట్లో నీళ్లు తరచూ ఆగిపోతాయా సార్?"

"ఒక్కసారీ ఆగలేదు!" అన్నాడు మత్తియాస్ గర్వంగా.

ఆయన తన మాట తనే విని, బిత్తరపోయి సౌమ్య వైపు చూశాడు. సుధీర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

సౌమ్య లేచింది. "బొమ్మనహళ్ళిలో మా ఇంట్లో ఆగుతాయి సార్. ట్యాంకర్ రానప్పుడల్లా మా అమ్మ మన మెషిన్‌ని తిట్టని తిట్టు లేదు. అవి వింటుంటే నాకు తట్టింది. మీరు చెప్పారన్నది అబద్ధం. నాదంటే మీరు ఒప్పుకునేవాళ్లు కాదు."

హాలంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు మత్తియాస్.

"హమ్మయ్య! ఆ మాట ఎప్పుడన్నానా అని ఇన్నాళ్లూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మతిమరుపు రోగమేమోనని డాక్టర్‌కి కూడా చూపించుకున్నాను!"

ఆయన మైకు సౌమ్య చేతికిచ్చి, దిగొచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. మొదట ఆమె తటపటాయించింది. కానీ మొదలుపెట్టాక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు.