గరుకు గొంతు

పాటకి ముందు ఒక ఊపిరి.

వానకి ముందు వచ్చే గాలిలా... ఇంకా చినుకు పడలేదు, కానీ ఆరేసిన బట్టలు తీసెయ్యాలని తెలిసిపోతుంది. ఆ ఊపిరి తర్వాత ఆమె పాడుతుంది. వాయిద్యం ఒక్కటీ ఉండదు. గొంతు మాత్రమే. బొంగురు గొంతు.

ఆ ఆల్బమ్‌లో మొదటి పాట అలా మొదలవుతుంది.

ఆ ఇంట్లో చిన్నదానికి ఆ ఆల్బమ్ అంటే ప్రాణం. అంతా ఇంతా ప్రాణం కాదు. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే చాలు, ఇక ఆ పూట వాళ్ళతో మాటల్లేవు.

అంత ప్రాణం ఎందుకుండదు మరి? బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ పిల్లని అందరూ 'బొంగురు' అనే పిలిచారు. అక్కది తేనె గొంతు. అక్క పాడితే చుట్టాలు చెవులప్పగించి కూర్చునేవారు. చిన్నది నోరు తెరిస్తే జలుబు చేసిందా అని అడిగేవారు. బడిలో అందరూ కలిసి పాడాల్సిన రోజు అమ్మ జడ వేస్తూ మెల్లగా చెప్పింది.

"నువ్వు పెదాలు కదుపు చాలు, తల్లీ."

కదిపింది.

ఆ రోజే కాదు... కాలేజీ అయిపోయేదాకా, నలుగురూ కలిసి పాడే చోటల్లా పెదాలే కదిపింది.

అప్పుడు వచ్చింది ఈ ఆల్బమ్.

మొదటిసారి విన్నప్పుడు ఇయర్‌ఫోన్లు పాడయ్యాయేమో అనుకుంది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. పాడవలేదు. గొంతే అది. అచ్చం తన గొంతులాంటి గొంతు — దాచుకోకుండా, సర్దుకోకుండా, హాయిగా పాడుకుంటూ పోతోంది.

ఇక ఆ మాటలా! అందరి పాటల్లోనూ వెన్నెల ఉంటుంది. ఈవిడ పాటల్లో తడిసిన చెప్పులుంటాయి. సరిగ్గా మూతపడని కిటికీ ఉంటుంది. వానలో ఆపకుండా వెళ్ళిపోయిన బస్సు ఉంటుంది. నాలుగో పాటలో ఒకచోట అంటుంది —

'నా గొంతు గరుకే...
గరుకు చెయ్యి పట్టుకుని చూడు, జారదు.'

ఆ ముక్క చెవిన పడ్డప్పుడు చిన్నది మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది. తీస్తున్నదల్లా నిలబడిపోయింది. వానొచ్చి బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. అమ్మ చేత చీవాట్లు తింది. తింటూ నవ్వింది. వింత పిల్ల!

అంతటితో ఆగిందా? పాటలన్నీ కంఠతా పట్టింది. ఎక్కడ గొంతు తగ్గుతుందో, ఎక్కడ మాటని కాస్త పట్టి వదులుతుందో, ఎక్కడ ఊపిరి తీస్తుందో... ఆ ఊపిర్లతో సహా కంఠతా పట్టింది. వంటింట్లో అంట్లు తోముతూ పాడింది. అక్క మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసి గుమ్మంలో నిలబడి వినేది.

బస్టాండులో బస్సుల సంగతి మైకులో చెప్పడానికి మనిషి కావాలన్నారు. చిన్నది వెళ్తానంది.

మైకులోనా, నువ్వా — అని నోరు జారి, అమ్మ వెంటనే నాలుక్కరుచుకుంది. అయినా వెంట వచ్చింది. పిల్ల మొహం వేలాడేసుకుని తిరిగొస్తే పక్కన ఒకరుండాలిగా.

బస్టాండు మేడ మీద ఇరుకు గది. ఒక మైకు, ఒక అద్దం కిటికీ. కింద బస్సులు, పొగ, రొద. వచ్చినవాళ్ళ చేత ఒక్కొక్కరిగా నిజం బస్సుల గురించే చెప్పించి చూస్తున్నారు. ముందు చెప్పిన అమ్మాయిలవి మెత్తని గొంతులు. ఇంజన్ల హోరులో కలిసిపోయాయి. కింద ఒక్కరూ తల తిప్పలేదు.

ఇన్‌ఛార్జి పెద్దాయన అందరికీ ఒకటే చెప్పాడు. ఊపిరి ముందు తీసుకోవాలి, స్విచ్ తర్వాత నొక్కాలి. ఊపిరి మైకులో పడకూడదు.

చిన్నది బుద్ధిగా తలూపింది.

స్విచ్ నొక్కింది.

ఆ తర్వాత... ఊపిరి తీసింది.

అలవాటు! ఆ ఆల్బమ్ చేసిన అలవాటు. స్పీకర్లన్నిట్లోంచీ ఆ ఊపిరి బస్టాండంతా వినబడింది. పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. ఇక తనకి ఈ ఉద్యోగం రానట్టే అనుకుంది పిల్ల.

కానీ కింద... జనం తలలెత్తారు.

మూటలు సర్దుకుంటున్నవాళ్ళు, ఫోన్లలో మునిగినవాళ్ళు, పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలు — అందరూ. వానగాలి తగిలినట్టు.

అప్పుడు చెప్పింది. తన గొంతుతో. సర్దుకోకుండా.

"పాత వంతెన మీదుగా వెళ్ళే బస్సు ఈరోజు మూడో ప్లాట్‌ఫాం మీద లేదు... రెండో ప్లాట్‌ఫాం మీద ఉంది."

మూడో ప్లాట్‌ఫాం మీద బస్సెక్కబోతున్న ఒక ముసలావిడ ఆగింది. మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసింది. సంచీ చంకన పెట్టుకుని రెండో ప్లాట్‌ఫాం వైపు నడిచింది. అంత రొదలోనూ ఆ గొంతు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

జారలేదు.

చిన్నదానికి గర్వంతో ఒళ్ళు పులకరించింది. తనని చూసుకుని కొంత. ఆల్బమ్‌లో పాడినావిడని తలుచుకుని ఎక్కువ. ఎక్కడో ఏ గదిలోనో నిలబడి పాడిన ఆ మనిషికి తెలియనే తెలియదు... తన ఊపిరి ఇక్కడ ఒక ముసలావిడని సరైన బస్సెక్కించిందని.

పెద్దాయన నుదుటి మీది చెయ్యి ఇంకా తీయలేదు.

చిన్నది అద్దంలోంచి కిందికి చూసింది. బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది. ఇప్పుడే విన్న ఆ మాటల్నే ఒక్కొక్కటిగా మళ్ళీ అనుకుంటోంది.

అమ్మ పెదాలు కదులుతున్నాయి.

పెదాలు మాత్రమే...

తర్వాత పక్కనున్నావిడ భుజం తట్టి, ఈ అద్దం వైపు వేలు చూపించింది. ఏమందో ఇంత పైకి వినబడదు. వినబడక్కర్లేదు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఊపిరి సంగతి ఎత్తలేదు. ఉద్యోగం సంగతీ ఎత్తలేదు.

"ఇంకొకటి చెప్పమ్మా."

చిన్నది స్విచ్ నొక్కింది.

మాటకి ముందు — ఒక ఊపిరి.