వెంకటస్వామి వెయ్యని వేషం

నాటకం పేరు ‘ఆఖరి పంటు’. రాసింది, ఆడిస్తున్నది ఎలీషా మాస్టారే. వంతెన కట్టాక మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పని పోయి రేవులో ఆగిపోయిన పంటు ఒకటి, దాన్ని నడిపిన ముసలి సరంగు, తండ్రిని తనతో తీసుకుపోదామని వచ్చిన కూతురు. అంతే కథ. గంటసేపు నడుస్తుంది. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై అమలాపురంలో స్థిరపడిన ఏడాదికి మాస్టారు ఇది రాశారు. రాస్తున్నంతసేపూ సరంగు మాటలన్నీ ఆయనకు వెంకటస్వామి గొంతుతోనే వినిపించాయి.

వెంకటస్వామిది అంతర్వేది. చేపల వేట బోట్లలో ఇంజను చూసే పని. ఇరవై రెండేళ్ల కిందట మాస్టారు మలికిపురంలో పనిచేసే రోజుల్లో ఒకసారి రేవుకి వెళ్తే, చేపల వేలంలో ధర కేకేస్తూ కనిపించాడు. రేవంతా గోలగా ఉన్నా ఆ గొంతు విడిగా తెలిసింది. మాస్టారు అప్పటికి చర్చిలో క్రిస్మస్ నాటికలు ఆడించడం దాటి నాటక పరిషత్తు పోటీలకు వెళ్లాలని చూస్తున్నారు. “నాటకం వేస్తావా” అని అడిగితే వెంకటస్వామి నవ్వి, “ఐదో తరగతండీ నాది. కాయితం చూసి గబగబా చదవలేను. ఎవరన్నా చదివి వినిపిస్తే మటుకు మర్చిపోను” అన్నాడు. ఆ మాట నిజమే. రెండుసార్లు వింటే పేజీలకు పేజీలు అతనికి నిలిచిపోయేవి. మాస్టారి తొమ్మిది నాటకాల్లో ఏడింటిలో అతనే ప్రధాన వేషం. ఇద్దరి ఇళ్లలోనూ అద్దాల బీరువాల్లో ఆ బహుమతులు ఉన్నాయి.

‘ఆఖరి పంటు’ రాయడం అవ్వగానే మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. “స్వామీ, ఇది నీకోసమే రాశాను.”

“ఆయ్” అన్నాడు వెంకటస్వామి.

“జూన్ నుంచి రిహార్సల్స్. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రావాలి. కుదురుతుందా?”

“ఆయ్.”

“ఫస్టు రిహార్సల్ ఎప్పుడు పెడదాం మరి?”

“ఆయ్ మాస్టారండీ.”

మాస్టారికి కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఏడాది కష్టపడి రాసింది చెబుతుంటే పరధ్యానంగా వింటున్నాడనుకున్నారు. తరువాత వెంకటస్వామి భార్య సూర్యావతి ఫోన్ తీసుకుని వివరాలన్నీ అడిగి తెలుసుకుంది.

అమలాపురం శివార్లో, కాలవ పక్కన మూతపడ్డ కొబ్బరి పీచు షెడ్డు ఒకటి మాస్టారి స్నేహితుడిది. ఆదివారం ఆరాధన ముగిశాక మాస్టారు భోజనం చేసి అక్కడికి వచ్చేవారు. కూతురి వేషానికి రెబెకా అనే అమ్మాయిని తీసుకున్నారు. కొత్తపేట దగ్గర గ్రామ సచివాలయంలో ఉద్యోగం. చురుకైన పిల్ల. వెంకటస్వామి అంతర్వేదిలో బస్సెక్కి, రాజోలులో ఇంకో బస్సు మారి అందరికంటే ముందే వచ్చి షెడ్డు ఊడ్చి ఉంచేవాడు.

ఈసారి మాస్టారికి కొత్తగా చెయ్యాలని ఉంది. ఆ మధ్య హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. ఇద్దరు మనుషులు మైకు కింద ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం పాతబడిపోయిందని అక్కడ చెప్పారు. అందుకని అసలు ఘట్టంలో కూతుర్ని స్టేజి ముందుకు తెచ్చి, ప్రేక్షకుల వైపు చూస్తూ మాట్లాడించారు. తండ్రేమో వెనక పంటు అంచున కూర్చుని, ఆమె వీపు వైపు చూస్తూ జవాబివ్వాలి. ఒకరి మొహం ఒకరు చూసుకోలేని తండ్రీ కూతుళ్లు. అది తట్టినందుకు మాస్టారు లోలోపల మురిసిపోయారు.

మొదటి సగం వెంకటస్వామి అద్భుతంగా చేశాడు. ఆ ఘట్టం రాగానే తడబడ్డాడు. రెబెకా మాట పూర్తికాకుండానే అందుకున్నాడు. ఇంకోచోట ఆమె మాట ముగించి ఎదురుచూస్తున్నా పలకలేదు. మొదటి ఆదివారం మాస్టారు సర్దుకున్నారు. రెండో ఆదివారమూ అంతే. ఇంకో ఇరవై రోజుల్లో పరిషత్తు వాళ్లు పరిశీలనకు వస్తున్నారు. వాళ్లకు నచ్చితేనే పోటీకి పిలుపు. మూడో ఆదివారం రెబెకా “నాన్నా, ఇంక ఈ పంటు కదలదు” అని ఆగింది. “ఏరు కదుల్తోంది కదమ్మా, చాలు” అనాలి వెంకటస్వామి. అతను ఆమె వీపు వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. పెదవులు మాత్రం ఏదో జపిస్తున్నట్టు కదులుతున్నాయి.

మాస్టారు కుర్చీలోంచి లేచి అతని ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

“ఏమిటయ్యా ఇది? మూడు వారాల నుంచి ఒకే చోట. ఇంటి దగ్గర పుస్తకం ముట్టుకుంటున్నావా లేదా?”

“ముట్టుకుంటన్నానండి.”

“మరి ఎందుకు రాదు? చదువు లేనివాడికి ఇంత వేషం ఇవ్వడం నాదే తప్పు.”

షెడ్డులో రెబెకా, లైట్లూ సంగీతం చూసేవాళ్లూ కలిపి ఆరుగురున్నారు. వెంకటస్వామి మాస్టారి మొహం వైపు కాసేపు చూశాడు. తరవాత తువ్వాలుతో మెడ తుడుచుకుని, “మళ్లీ మొదట్నుంచి చేద్దామండి” అన్నాడు. చేశారు. అప్పుడూ అదే తప్పు వచ్చింది.

ఆ మంగళవారం మాస్టారు రాజోలులో సెల్‌ఫోన్ల షాపు నడుపుతూ అప్పుడప్పుడూ వేషాలు వేసే సతీష్‌ని పిలిపించారు. ముప్పై ఆరేళ్లవాడు. తలకు తెల్ల విగ్గు పెట్టాలి. కానీ స్టేజి మీద డైలాగు తప్పడు, వారంలో వేషం ఒప్పజెప్తానన్నాడు. వెంకటస్వామికి చెప్పాలి కదా అని మాస్టారు ఫోన్ చేశారు. సూర్యావతి ఎత్తింది. “ఆయన బోటు మీదున్నారండి, ఏవన్నా చెప్పమంటారా?” అంది. “మళ్లీ నేను చెప్పేదాకా రిహార్సల్ లేదని చెప్పమ్మా, తరవాత చేస్తాను” అని పెట్టేశారు. తరవాత చెయ్యలేదు. రోజూ పొద్దున్న అనుకునేవారు, సాయంత్రానికి మర్నాటికి వాయిదా వేసుకునేవారు. ఈలోగా పరిశీలకులు వచ్చి చూసి వెళ్లారు. ప్రదర్శన తేదీ ఖాయమైంది. జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది: త్వరలో అమలాపురంలో ‘ఆఖరి పంటు’, సరంగు పాత్రలో సతీష్. అంతర్వేదిలో టీ కొట్టు దగ్గర ఎవరో ఆ వార్త చదివి వెంకటస్వామికి చూపించారు.

మొదటి ప్రదర్శన బాగానే జరిగింది. హాలు ముప్పాతిక నిండింది. సతీష్ కొంచెం ఎక్కువ అరిచాడు, అయినా చప్పట్లు పడ్డాయి. మాస్టారు మాత్రం తెర పక్కన నిలబడి, ప్రతి మాటా వెంకటస్వామి గొంతుతోనే వినిపిస్తుంటే తల వంచుకున్నారు.

ఆ తరవాతి శనివారం పొద్దున్న సూర్యావతి మాస్టారి ఇంటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి. లోపలికి రమ్మంటే వచ్చి కూర్చుంది. మంచినీళ్లు తాగి, సంచిలోంచి నాటకం కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

“మీ పుస్తకం అండి. మా దగ్గరుండిపోయింది. ఇచ్చేసి రమ్మన్నారు.”

“ఎలా ఉన్నాడమ్మా?”

“బానే ఉన్నారండి. పన్లోకి వెళ్తన్నారు.”

మాస్టారు కాగితాలు తిరగేశారు. చివరి ఘట్టం వచ్చేసరికి అంచుల్లో పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ గుర్తులు కనిపించాయి. కొన్నిచోట్ల గుర్తు పక్కన అంకె కూడా ఉంది. ఏడు, పన్నెండు, తొమ్మిది.

“ఇవేమిటమ్మా?”

సూర్యావతి చీర చెంగు సర్దుకుంది. “ఎవరికీ చెప్పొద్దన్నారండి ఆయన” అంది మెల్లిగా. “కానీ మీరు ఆయన్ని మతిమరుపు మనిషి అనుకుంటన్నారు. అది నేను ఓర్చుకోలేకపోతన్నాను. ఆయనకి చెవులు పోయేయండి మాస్టారూ. ముప్పై ఏళ్లు ఇంజను పక్కనే కూచున్నారు కదండీ. మూడేళ్ల నుంచి బాగా తగ్గిపోయింది. ఎదరుండి మాట్లాడితే నోరు చూసి తెలుసుకుంటారు. ఫోన్లో అయితే ఏవీ తెలీదు, ఆయ్ ఆయ్ అంటారంతే.”

మాస్టారు ఒక ఇంటూ గుర్తు మీద వేలు పెట్టి ఆమె వైపు చూశారు.

“ఈ గుర్తులున్న చోటల్లా ఆ అమ్మాయి అటు తిరిగి ఉంటదంటండి. ఆయనకి నోరు కనపడదు. అందుకని మేవిద్దరం ఇంట్లో ఓ ఉపాయం చేసేం. ఆ అమ్మాయి మాట ఎంతసేపు పడతాదో నేను చదివి చూసి అంకె రాసేను. ఆయన మనసులో అన్ని లెక్కపెట్టుకుని, అప్పుడు తన మాట అందుకోవాలి. కానీ ఆ అమ్మాయి ఓరోజు గబగబా చెప్పేది, ఓరోజు నింపాదిగా చెప్పేది. అక్కడ తప్పిపోయేదండి.”

“పుస్తకం?”

“మొత్తం వచ్చండి. పేజీ పేజీ ఆయన ఎదరగా కూచుని నేను గట్టిగా చదివేను. ఆయన మాటలే కాదు, ఆ అమ్మాయి మాటలు కూడా వచ్చు.”

“నాతో ఒక్క మాట అంటే ఆ అమ్మాయిని ఇటు తిప్పేవాణ్ణి కదమ్మా. అరనిమిషం పని.”

“అదే అన్నానండి నేను. బయట తెలిస్తే బోటు వాళ్లు మానిపించేస్తారని ఆయన భయం. ఇంకో మాట కూడా అన్నారు. మాస్టారు ఆ సీను ఎంతో ముచ్చటపడి పెట్టుకున్నారు, నా మూలంగా మార్చకూడదన్నారు.”

వెళ్లేముందు గుమ్మంలో ఆగి ఆమె ఇంకొకటి చెప్పింది. “ఆవేళ షెడ్డులో మీరన్న మాట కూడా ఆయన చెవిన పడలేదండి. మీ నోరు చూసి తెలుసుకున్నారు.” ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. జరిగింది చెప్పినట్టు చెప్పి చెప్పులేసుకుంది.

మర్నాడు ఆదివారం. మాస్టారు చర్చికి వెళ్లకుండా అంతర్వేది బస్సెక్కారు. వెంకటస్వామి రేవు గట్టు మీద గోనెపట్టా పరుచుకుని, ఇంజను సామాను కిరసనాయిలుతో కడుగుతున్నాడు. మాస్టారు దగ్గరకొచ్చి రెండుసార్లు పిలిచారు. అతను తల ఎత్తలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడ్డాక, “మీరాండీ” అని లేచి, చేతులు తుడుచుకుని, బోర్లించిన బుట్ట ఒకటి తెచ్చి వేశాడు.

మాస్టారు కూర్చుని, ఒక్కో మాటా విడదీసి నిదానంగా మొదలుపెట్టారు. వెంకటస్వామి చిన్నగా నవ్వాడు. “మెల్లిగా చెప్పక్కర్లేదండి. ఇటు చూసి చెప్పండి, చాలు.” తరవాత, “మా ఆవిడ చెప్పేసిందన్నమాట” అన్నాడు.

“నేనన్న మాట తప్పు స్వామీ. అది నీ ఎదురుగా చెబుదామని వచ్చాను.”

“కోపంలో అన్నారు. పోనివ్వండి.”

“ఇరవై రెండేళ్లు నిన్ను చూశాను. కారణం ఏమిటని ఒక్కసారి అడగలేదు.”

వెంకటస్వామి ఏటి వైపు చూశాడు. వరస బోట్లు దాటి అవతల, ఏరు సముద్రంలో కలిసే చోట నీళ్లు బురద రంగులో ఉన్నాయి. ఇటు తిరిగి అతనే అడిగాడు.

“ఆ సీను ఓసారి చెప్పమంటారా? మీరు ఆ అమ్మాయి మాటలు అనండి.”

మాస్టారు కూతురి మాటలు అన్నారు, అతని మొహంలోకి చూస్తూ. వెంకటస్వామి గోనెపట్టా మీదే కూర్చుని జవాబులు చెప్పాడు. గొంతు పెంచలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. “ఏరు కదుల్తోంది కదమ్మా, చాలు” అన్నప్పుడు కూతుర్ని ఓదారుస్తున్నాడో, తనని తాను ఓదార్చుకుంటున్నాడో తెలియకుండా అన్నాడు. రాసిన మనిషికే ఆ మాటలో అంత ఉందని అప్పటిదాకా తెలియదు. పక్క బోటులో వలలు బాగుచేస్తున్న ఆడవాళ్లు పని ఆపి విన్నారు. ఎక్కడా ఒక్క మాట తప్పిపోలేదు. అయ్యాక మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“పరిషత్తులో నువ్వు వెయ్యాలి. నేను సతీష్‌తో మాట్లాడతాను. రెబెకాని నీ వైపు తిప్పుతాను.”

“వద్దండి.”

“ఎందుకు?”

“ఆ కుర్రాడు పేపర్లో పేరేయించుకున్నాడండి. ఊరంతా చెప్పుకునుంటాడు. ఇప్పుడు తీసేస్తే ఎలాగుంటాదో నాకు తెలుసు కదండీ.” కడిగిన సామాను ఒక్కొక్కటే గుడ్డలో పెట్టుకుంటూ అన్నాడు. “ఒకటి మటుకు చెయ్యండి. చెవుల సంగతి ఎవరితోనూ అనకండి. ఇంకో నాలుగేళ్లు పని చేసుకోవాలి.”

మాస్టారు మాట ఇచ్చారు. మధ్యాహ్నం సూర్యావతి చేపల పులుసుతో అన్నం పెట్టింది. అందరూ వేరే విషయాలు మాట్లాడుకున్నారు. వెంకటస్వామి బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

నవంబరులో గుంటూరు వైపు జరిగిన పరిషత్తులో ‘ఆఖరి పంటు’కి ద్వితీయ బహుమతి వచ్చింది. కూతురు తండ్రి వైపు వీపు పెట్టి మాట్లాడే ఘట్టాన్ని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మాస్టారు స్టేజి మీదికి వెళ్లి జ్ఞాపిక తీసుకుని, రెండు ముక్కలు మాట్లాడమంటే గొంతు బాగాలేదని చెప్పి దిగిపోయారు.

మర్నాడు వ్యానులో తిరిగి వస్తుంటే అందరూ హుషారుగా ఉన్నారు. రావులపాలెం దగ్గర పడుతుండగా సతీష్ వెనక సీటులోంచి ముందుకు వంగాడు. మంచివాడే, నిజంగా జాలిపడే అన్నాడు.

“స్వామిగారుంటే ఇంకా బాగుండేదండి. పాపం, ఆయనకి మరుపొచ్చేసింది కదా.”

“ఆయనకి మరుపేమీ రాలేదు” అన్నారు మాస్టారు. “పుస్తకం మొత్తం వచ్చు. నీ మాటలూ వచ్చు, ఆ అమ్మాయి మాటలూ వచ్చు. తప్పు నాది.”

రెబెకా ఇటు తిరిగింది. ఆ రోజు షెడ్డులో ఆ మాట విన్నవాళ్లంతా ఇప్పుడు వ్యానులో ఉన్నారు.

“మీ తప్పేంటండి?” అన్నాడు సతీష్.

ఎలీషా మాస్టారు చెప్పబోయి ఆగిపోయారు. ఏం జరిగిందో చెబితేనే ఆ తప్పు ఎంతదో వీళ్లకు తెలుస్తుంది. చెబితే రేపో ఎల్లుండో ఆ మాట అంతర్వేది రేవుకి చేరుతుంది. అందరి ఎదుటా అన్న మాటను అందరి ఎదుటా వెనక్కి తీసుకునే దారి ఆయనకు లేకుండా పోయింది.

“నాదే” అన్నారు మళ్లీ. “అంతే.”

రెబెకా ఆయన మొహం చూసి మళ్లీ అటు తిరిగింది. అరటి గెలల లారీల మధ్య వ్యాను ఆగింది. టీ తాగడానికి అందరూ దిగారు. మాస్టారు మాత్రం దిగలేదు.