నిండుకుంది

సిద్ధిరాములు దుకాణంలో "లేదు" అనే మాట చెల్లదు. సరుకు అయిపోతే "నిండుకుంది" అనాలి. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటినా అదే మాట, కొట్లో అల్మారా ఖాళీ అయినా అదే మాట. లేదన్న నోటికి లేమి అలవాటవుతుందని ఆయన తండ్రి సిరిసిల్లలో మగ్గం మీద కూర్చొని చెప్పేవాడు. ఉందన్న సరుకు ఎవరో ఒకరికి ఇచ్చి తీరాలన్నది ఆయన రెండో మాట. మగ్గం అమ్ముడుపోయింది, మాట మాత్రం కొడుకు వెంట అమీర్‌పేటకు వచ్చింది.

కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, కింది అంతస్తులో ఉంది కొట్టు. వెనకే ఇల్లు. పంజాగుట్టలో ఒక పెద్ద ఆస్పత్రికి కావలసిన గుడ్డంతా అక్కణ్ణుంచే పోతుంది. మంచాల మీదికి దుప్పట్లు, ఆపరేషన్ గదులకు ఆకుపచ్చ గుడ్డ, పుట్టిన బిడ్డల్ని చుట్టడానికి మెత్తటి గుడ్డ. చివరి అల్మారాలో తెల్లగుడ్డ. అది ఎందుకో ఎవరూ అడగరు. దానికి కత్తెర పెట్టరు, కబురు వచ్చాకే చేత్తో చింపుతారు. ముందే చింపిన గుడ్డ మనిషిని దేవులాడుకుంటుందని, వెతికి పట్టుకుంటుందని సిద్ధిరాములు భార్య కాంతవ్వ అనేది.

కొట్టు లెక్కలకు సాఫ్ట్‌వేర్ తెచ్చింది కూతురు నిరోష. పై అంతస్తులోనే నేర్చుకుని, బేగంపేటలో ఉద్యోగం చేస్తూ, దుకాణాలకు ఇటువంటివి పెట్టించడం ఆమె పని.

"బాపూ, నువ్వు టైప్ చేసేది ఏం లేదు. ఫోన్ ముంగట నోటితోని చెప్పు చాలు. ఏం మాల్ ఉన్నది, ఏం పోయింది అని. ఎప్పుడు ఏం తెప్పియ్యాల్నో అదే చూసుకుంటది."

"మరి నేనేం జెయ్యాలె?"

"గల్లా మీద కూసోని చాయ్ తాగు."

సిద్ధిరాములు దేన్నైనా లాభం చూశాకే నమ్ముతాడు. ఆ ఏడాది లాభం చూశాడు. అంతకుముందు గోదాములో ఒక రంగు మూలుగుతుంటే ఇంకో రంగు దొరికేది కాదు. అర్జెంటని ఫోనొస్తే ఆటోలో మూటలేసుకుని పంజాగుట్ట చౌరస్తాలో చెమటలు కక్కేవాడు. ఇప్పుడు ఆస్పత్రి స్టోరూ ఈ కొట్టూ ఒకే తెర మీద ఉన్నాయి. వాళ్లు అడగకముందే ఫలానా వార్డుకు, ఫలానా మంచానికి అని ఫోన్‌లో చీటీ వస్తుంది, మూట పోతుంది. మూలిగిన సరుకు లేదు, తప్పిన సరుకు లేదు.

"సేటూ, నేను ఫోన్ చేద్దామనుకునే లోపట్నే మాల్ దిగుతున్నది," అన్నాడు ఆస్పత్రి స్టోర్‌కీపర్ విజయేందర్. "గిట్లయితే నా నౌకరి సుత నువ్వే తింటవు."

తర్వాత ఒకనాడు పొద్దున్నే తెల్లగుడ్డకు చీటీ వచ్చింది. సిద్ధిరాములు కబురు వచ్చిందనుకుని చింపి తానే తీసుకుపోయాడు. విజయేందర్ ఫోన్‌లో చీటీని మళ్లీ మళ్లీ చూశాడు.

"నీకెవరు చెప్పిండ్రు సేటూ? గా మంచం ఆయన గిప్పుడే ఇడ్లీ తిని పేపర్ చదువుతుండు."

"తప్పు పడ్డదేమో. వాపస్ తీసుకపోత."

"ఎందుకులే, ఎప్పటికన్నా పనికొస్తది. పెట్టిపో."

ఆ పొద్దు దిగకముందే పనికొచ్చింది. విజయేందర్ ఫోన్ చేసి ఆ మంచం నంబరు ఒక్కటే చెప్పాడు. వెంటనే కట్టయింది.

ఇదెట్లా అని కూతుర్ని అడిగితే ఆమెకేమీ వింత అనిపించలేదు. "ఏ మంచం మీద దుప్పటి ఎన్నిసార్లు మారుతున్నదో దానికి ఎరుకే గదా బాపూ. పాత లెక్కలు చూసి ముంగటి లెక్క కడుతది. దాని పనే గది."

అది నిజమే. వ్యాపారమంటేనే ముందుచూపు. అయినా ఆనాటి నుంచి తెల్లగుడ్డ చీటీ వచ్చినప్పుడల్లా సిద్ధిరాములు మంచం నంబరు రెండుసార్లు చదివాకే గుడ్డ చింపేవాడు. చీటీ ఒక్కసారీ తప్పలేదు.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక్క లోపముందని మాత్రం ఆయన కనిపెట్టాడు. ఆకుపచ్చ గుడ్డ అయిపోయినప్పుడు అలవాటుగా "నిండుకుంది" అన్నాడు. ఫోన్‌లోని ఆడగొంతు "సరే, స్టాక్ నిండుగా ఉంది, ఆర్డర్ ఆపాను," అంది. ఖాళీని పట్టుకుని నిండు అనుకుంది. సిద్ధిరాములు నవ్వుకుని గుట్టు కడుపులో పెట్టుకున్నాడు. ఎదుటివాడి తప్పు ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది, ఊరికే దిద్దకూడదు.

వానాకాలంలో కాంతవ్వకు దగ్గు పట్టింది. దగ్గు జ్వరమైంది, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. అదే ఆస్పత్రిలో చేర్చారు. పడుకోబెట్టిన దుప్పటి తమ కొట్టుదే. ఆమె అంచు తడిమి, "మన మాలే," అని కళ్లు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు తీసుకుపోవడానికి సిద్ధిరాములు ఇంటికొచ్చాడు. గల్లా మీద ఫోన్ వెలిగింది.

తెల్లగుడ్డ. ఒకటి. కింద కాంతవ్వ వార్డు, కాంతవ్వ మంచం.

ఆయన ఏడవలేదు. బేరగాడు బేరం తెగేదాకా ఏడవడు. కొట్లో సరుకు ఉంటేనే గదా చీటీ చెల్లేది. కొత్త సరుకు రాకుండా ఆపే మాట తన దగ్గరుంది. అయితే మాట అబద్ధం కాకూడదు, అబద్ధపు మాట మీద బేరం నిలవదు. అందుకని చివరి అల్మారాలోని తెల్లగుడ్డ తాను మొత్తం ఎత్తి, పక్క సందు వ్యాపారికి వచ్చినకాడికి ఇచ్చేసి వచ్చాడు. ఖాళీ చెక్క మీద చెయ్యి పెట్టి ఫోన్‌తో చెప్పాడు.

"తెల్లగుడ్డ నిండుకుంది."

"సరే. స్టాక్ నిండుగా ఉంది. ఆర్డర్ ఆపాను."

ఆస్పత్రికి పోయేసరికి కాంతవ్వ దిండుకు ఆనుకుని కూర్చొని ఉంది. "ఏమయ్యా, గింత సేపా? ఆకలైతున్నది," అంది.

ఇంటికొచ్చాక ఆమె మునుపటిలాగే కొట్లో కూర్చోసాగింది. ఒక్క సంగతే ఆమెకు అంతుపట్టలేదు. తెల్లగుడ్డకని ఎవరొచ్చినా ఆయన నిండుకుందని పంపించేస్తున్నాడు. ఆస్పత్రికి కూడా వేరేచోట చూసుకొమ్మన్నాడు.

"ఇంటున్నవా? వచ్చే గిరాకిని ఎల్లగొడుతున్నవు. నేను దవాఖానల ఉన్నప్పుడు నీ బుద్ధి గిట్ల ఖరాబైందా?"

"గా మాల్‌ల లాభం లేదు."

"లేదంటున్నవు," అందామె, ఆ మాట ఆ కొట్లో విని విస్తుపోయి.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం నిరోష వచ్చి గల్లా మీద ఫోన్ ముందేసుకుని కూర్చుంది. తల్లి వెనక వంటింట్లో ఉంది.

"నీ స్టాక్ లెక్క ఎందుకు తప్పుతున్నదో దొరికింది బాపూ. నువ్వు నిండుకుంది అంటే గది ఫుల్ అనుకుంటున్నది." ఆమె నవ్వింది. "మన భాష దానికి రాకపాయె. ఇగ ఫికర్ లేదు, నేర్పిన. అన్ని దుకాణాలకు పనికొస్తది."

సిద్ధిరాములు దగ్గరికి జరిగాడు. "ఎప్పుడు నేర్పినవ్?"

"గిప్పుడే. సూడు, పాతవన్నీ అదే సరిచేసుకుంటున్నది."

తెర మీద వరుసలు కదిలాయి. ఆకుపచ్చ గుడ్డ సరయింది. దుప్పట్లు సరయ్యాయి. తర్వాత ఆడగొంతు మాట్లాడింది. ఆ మాటను అది సిరిసిల్లలో పుట్టినట్టే పలికింది.

"తెల్లగుడ్డ నిండుకుంది. ఆగిన ఆర్డర్ మళ్లీ మొదలుపెడుతున్నాను. ఒకటి."

వంటింట్లో కాంతవ్వ దగ్గింది.

"వార్డు ఉండాల్సిన కాడ మన ఇంటి అడ్రస్ చూపిస్తున్నదేంది?" నిరోష తెరను గీకింది. "పాతది. క్యాన్సల్ అయితలేదు. ఉండు, అమ్మకు నీళ్లిచ్చి వస్త."

దగ్గు ఆగడం లేదు. వానాకాలపు దగ్గే అది, సిద్ధిరాములు దాన్ని గుర్తుపట్టాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. నిండుకుంది అంటే ఇప్పుడు ఖాళీ. లేదు అన్నా ఖాళీయే. ఏది అన్నా సరుకు బయల్దేరుతుంది. ఇక మిగిలింది ఒక్క మాట, అల్మారా ఖాళీయే అయినా అనక తప్పని మాట. కాని కొట్లో ఉందన్న సరుకు ఎవరో ఒకరికి ఇచ్చి తీరాలి, అది తండ్రి చెప్పిన రెండో మాట. తనూ కాంతవ్వా ఇద్దరు మనుషులు, ఒక గుడ్డ. ఇంతకన్నా తేలికైన బేరం ఆయన జన్మలో చేయలేదు.

"తెల్లగుడ్డ ఉంది," అన్నాడు.

"ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి."

"సరే. కొత్త ఆర్డర్ రద్దు చేశాను. ఉన్నదాన్ని ఎవరి పేరున పెట్టాలి?"

"సిద్ధిరాములు పేరున పెట్టు."

"పెట్టాను. ధన్యవాదాలు."

వంటింట్లో దగ్గు ఆగింది. గ్లాసు కింద పెట్టిన చప్పుడయింది. తల్లీకూతుళ్లు దేనికో నవ్వుకున్నారు. సిద్ధిరాములు ఫోన్ పక్కన పెట్టి గల్లా ముందు కూర్చున్నాడు. ఇచ్చింది తనదే, తీసుకున్నదీ తనదే, నష్టమేమీ లేదనుకున్నాడు.

కాంతవ్వ చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ముఖం కడిగినట్టు తేటగా ఉంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, దుమ్ము దులుపుదామని చివరి అల్మారా దాకా పోయి తలుపు తీసింది. 

"ఏమయ్యా, నిండుకున్నది నిండుకున్నదని అందర్నీ పంపిస్తివి. గీడ ఒకటి మడతపెట్టి ఉన్నది గద," అంది. గుడ్డ తీసి అంచు వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూసింది. "ఎవలన్న అడగకముందే దీన్ని ఎవలు చింపిండ్రు?"