మా ఆవిడే నా యజమాని

మా ఆవిడ సబైనా హోబర్ట్ రేవులో దిగిందన్న కబురు మోసుకొచ్చినవాడు బండి తోలే క్వెర్క్. అప్పుడు నేను గ్రిమ్‌షా దొర కొట్టంలో బూటుకు అడుగు కుడుతున్నాను.

"ఒరేయ్ మలకీ, ఎవరో మీ క్లేర్ జిల్లా మనిషేరా. చంకలో మూట, చెయ్యి పట్టుకుని పిల్ల. కనబడ్డవాణ్ణల్లా మా మలకీ కాన్సిడైన్‌ని ఎక్కడ దాచారని నిలదీస్తోంది. కస్టమ్స్ అధికారిని కూడా వదల్లేదు."

నిలదీస్తోందంటే మా సబైనాయే, అనుమానం లేదు. సూది వేల్లో దిగింది. నొప్పి తెలిస్తే ఒట్టు. గొర్రెను దొంగిలించానని పద్నాలుగేళ్ళ శిక్ష వేసి నన్ను ఓడెక్కించిన నాటికి మా డీలియా ఇంకా పాలు తాగే పిల్ల. ఈ జన్మలో వాళ్ళ ముఖం చూడననే అనుకున్నాను. అలాంటిది పందినీ, మంచాన్నీ, పెళ్ళి దుప్పటినీ అమ్ముకుని సముద్రాలు దాటి వచ్చేసింది మహాతల్లి.

ఈ ఖైదీల దీవిలో ఖైదీకి జైలుకన్నా యజమానే ఎక్కువ. అడిగినవాళ్ళకు సర్కారు ఖైదీని పనివాడిగా ఇస్తుంది; నన్ను గ్రిమ్‌షాకు ఇచ్చింది అలాగే. తిండీ బట్టా పెట్టగలనని చూపిస్తే చాలు, అడిగేది ఆడదైనా, ఆ ఖైదీ ఆమె కట్టుకున్న మొగుడైనా ఇస్తారు. సబైనా ఈ సంగతి ఓడలోనే కూపీ లాగింది. వాగు ఒడ్డున గది తీసుకుని ఊరి చొక్కాలన్నీ ఉతకడం మొదలుపెట్టింది. ఆదివారం ప్రార్థనలో దూరం నుంచి చూసుకోవడమే మా కాపురం. చలికాలం వెళ్ళకముందే నన్ను తనకిమ్మని మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టింది.

గ్రిమ్‌షా ఊరుకుంటాడా? పటాలం మొత్తానికి బూట్లు కుట్టే చేతులు నావి. విచారణ రోజున సూటు తొడుక్కుని మరీ వచ్చాడు.

"పెళ్ళాం చేతికి మొగుణ్ణిస్తే అది శిక్ష ఎలా అవుతుందండీ? వీడు తాగి పడుకున్నా ఆవిడ కప్పిపుచ్చుతుంది. ఖైదీకి భయం ఉండాలి" అన్నాడు.

ఆ మాట మేజిస్ట్రేటుకు ఎక్కింది. ఇంకో పదేళ్ళు ఆ కొట్టంలోనేరా నీ బతుకు అనుకున్నాను.

"చూడమ్మా, వీడు నీ ఇంట్లో నౌకరు, మొగుడు కాదు. చెప్పిన మాట వినకపోతే నువ్వే నా దగ్గరికి తీసుకొచ్చి కొరడా దెబ్బలు కొట్టించాలి. కొట్టిస్తావా?" అని మేజిస్ట్రేటు సబైనాను అడిగాడు.

సబైనా నన్ను పైనుంచి కింది దాకా చూసింది. సంతలో ముసలి గాడిదను చూసినట్టు చూసింది.

"ఎందుకు కొట్టించను దొరగారూ? మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఈ మనిషి నా మాట విన్న పాపాన పోలేదు. అప్పుడు మొరపెట్టుకుందామంటే మీలాంటి దొర లేకపోయె. ఇప్పుడు దొరికారు, వదుల్తానా?"

కచేరీ అంతా గొల్లుమంది. జవాన్లు తుపాకులు పట్టుకునే నవ్వారు. గ్రిమ్‌షా ముఖం మాడిపోయింది. మేజిస్ట్రేటు కళ్ళు తుడుచుకుంటూ, "తీసుకుపోవమ్మా, నీ పాట్లు నువ్వు పడు" అన్నాడు.

నాకు రోడ్డు మీద గెంతాలనిపించింది. డీలియా నిజంగానే గెంతింది. "మా నాన్న ఇంక మా పనివాడు" అని దారిలో కనబడ్డ ప్రతివాడికీ చాటింది. క్వెర్క్ అయితే బండి ఆపి, నాకు కాదు, సబైనాకు టోపీ తీసి దండం పెట్టాడు.

గది చేరాం. సబైనా ఉడికిన బంగాళాదుంపలు బల్ల మీద కుమ్మరించింది. కమ్మటి ఆవిరి. తల్లీ పిల్లా కూర్చున్నారు. సబైనా తలెత్తి చూసింది.

"అక్కడే నిలబడ్డావేంటి?"

అప్పుడు చూసుకున్నాను. గడప అవతల, టోపీ చేత్తో పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాను.

"నువ్వు రమ్మనలేదుగా" అన్నాను. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సబైనా లేచి వచ్చి నా టోపీ లాక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు మాత్రం మేజిస్ట్రేటు గొంతే.

"ఇదిగో కాన్సిడైన్, విను. ఇంకోసారి ఈ ఇంట్లో నా సెలవు కోసం గుమ్మంలో నిలబడ్డావో, నిజంగానే ఆ దొర దగ్గరికి లాక్కెళ్ళి కొట్టిస్తాను."

లోపలికి వెళ్ళాను. ఎవరూ చెప్పకుండానే కూర్చుని, అన్నిట్లోకీ పెద్ద దుంప తీసుకున్నాను.