హెస్టర్ కడిగిన రాతితొట్టి

మూడో బకెట్టు పారబోసి వచ్చి హెస్టర్ పెగ్ మళ్ళీ మోకాళ్ళమీద కూర్చుంది. బాప్తిస్మపు తొట్టి చుట్టూ చెక్కిన పన్నెండుగురు శిష్యుల్లో తొమ్మిదిమంది మొహాలు తుడవడం అయింది. చన్నీళ్ళు, మెత్తటి గుడ్డ, చూపుడువేలు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అంతే. వేళ్ళ కణుపులు అల్లంకొమ్ముల్లా ఉబ్బాయి. అయినా ఏ మడత ఎక్కడుందో ఆ వేలికి కళ్ళకన్నా బాగా తెలుసు.

ఊరి పెద్దింటివాళ్ళైన థర్లో వంశంలో ఆరువందల ఏళ్ళుగా ప్రతి బిడ్డకూ ఈ తొట్టి నీళ్ళతోనే బాప్తిస్మం. హెస్టర్ పుట్టింది ఊరవతల, పందులు మేపుకునే ఇంట్లో. చేసుకుంటానన్నవాడు మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు మట్టిలో కలిసిపోయాడు. ఆ ఏడే ఆమె ఈ ప్రార్థనామందిరంలో పనికి చేరింది.

మధ్యాహ్నం కొత్త వారసుడి బాప్తిస్మం. పెద్దింటి కోడలు రోసమండ్ ఇనపతీగల బ్రష్షూ, మెట్లమీద పాచి వదిలించే యాసిడ్ సీసా పట్టుకుని వచ్చింది. చుట్టాలొస్తారనీ, రాయి నల్లబడిందనీ, భోజనాలవేళకి పాలలా తెల్లబడాలనీ చెప్పింది.

ఆ ఇంట్లో హెస్టర్ ఇంతవరకు ఎవరికీ ఎదురు చెప్పలేదు.

"ఇది పొయ్యనండమ్మగారూ."

"ఏం?"

"పేతురు గోళ్ళు పోతాయి."

రోసమండ్ నవ్వబోయింది. హెస్టర్ తన తడిచేత్తో ఆమె వేలు పట్టుకుని రాతిచేతిమీద పెట్టింది. బియ్యపు నూకంతేసి గోళ్ళు, ఐదూ ఉన్నాయి. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. అత్తగారి హయాంలోనూ యాసిడ్ కొనేవారట కదా అని అడిగింది రోసమండ్.

"కొనేవారు. అన్ని సీసాలూ మరుగుదొడ్లో పోశాను. కావాలంటే నన్ను తీసెయ్యండి. గోళ్ళు మాత్రం ఉంటాయి."

రోసమండ్ సీసా, బ్రష్షూ వెనక్కి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, బాప్తిస్మం వేళ ముందువరసలో కూర్చోమంది. వెనకబల్ల చాలునంది హెస్టర్.

మధ్యాహ్నం తొట్టి నీళ్ళు తగలగానే పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఇంత పాత రాయిని ఇంత బాగా ఎవరు కాపాడుతున్నారని పాదిరిగారు అడిగారు.

"మా హెస్టర్," అంది రోసమండ్, అందరికీ వినబడేలా.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. హెస్టర్ తల దించుకోలేదు.

అందరూ కేకు తినడానికి వెళ్ళారు. బాప్తిస్మమిచ్చిన పవిత్రమైన నీళ్ళు కాలవలో పోయకూడదు గనక హెస్టర్ వాటిని బయట గులాబీమొదట్లో పోసి, తొట్టి తుడిచి, వెనకబల్లమీద కూర్చుంది. రోసమండ్ స్వయంగా కేకుముక్క తెచ్చేసరికి ఆమె గోడకి తల ఆన్చి ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి చల్లగా ఉంది.

బల్లకింద, ఆ రోజుకోసం పాలిష్ పెట్టుకున్న నల్లబూట్లు, తాళ్ళు విప్పి, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.