భిలాయి గది

వకుళ మనస్తత్వ శాస్త్రం మొదటి పాఠం తెరిచిన ఉదయం, సామర్లకోటలోని వాళ్ళింట్లో వంటింటికీ హాలుకీ మధ్య భిలాయి కనిపిస్తుంది. సన్నటి గది, గుమ్మానికి పసుపు. ఆ చివర మంచం మీద తమ్ముడు భాస్కరం కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. వకుళ జాకెట్లు కుట్టి బతికే మనిషి కనుక మెడలోని టేపు తీసి కొలుస్తుంది. గది పదకొండు గజాలు. ఇల్లంతా కలిపినా తొమ్మిదే.

ఇందులో వింతేమీ లేదు. భాస్కరానికి మనసు బాగాలేదని తెలిసిన ఆరేళ్ళ నుంచీ, తల్లి సీతారావమ్మ అడిగినవాళ్ళందరికీ "మావాడు భిలాయిలో ఉద్యోగం చేస్తున్నాడండీ" అని చెబుతోంది. అన్నిసార్లు పిలిస్తే ఎంత దూరపు ఊరైనా మొహమాటానికైనా ఇంట్లోకి వస్తుంది. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా గది అంగుళం పెరుగుతుంది. పేరంటానికి వెళ్ళొచ్చిన రోజున ఐదారు అంగుళాలు.

అన్నం వేళకి సీతారావమ్మ కంచం గుమ్మంలో పెట్టి, బట్టలారేసే కర్రతో ముందుకు తోస్తుంది. అది మంచం చేరేసరికి చారు చల్లారిపోతుంది.

మందుల చీటీల సంగతి వేరు. డాక్టరు పేరూ, దాని కింద 'మానసిక వైద్య నిపుణులు' అన్న మాటా ఉన్నంత మేర మడిచి చింపితే గానీ ఆమె చీటీని షాపుకి తీసుకెళ్ళదు. మందులు ఎవరికని అడిగితే, "నాకేనండీ, నరాల బలహీనత" అంటుంది. చింపిన ముక్కలు బయట పారేస్తే ఎవరైనా చదువుతారని బియ్యం డబ్బాలో దాస్తుంది. అవి అక్కడ బియ్యం తిని బారెడేసి పొడవు పెరిగాయి.

వకుళ నలభయ్యో ఏట ఈ చదువులో ఎందుకు చేరిందంటే సిగ్గుతోనే చేరింది. ఆరేళ్ళ కిందట డాక్టరు జబ్బు గురించి విడమరిచి చెబుతుంటే ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. మొదటి పాఠం పూర్తికాకుండానే ఆమె వెనక పేజీల్లోని జబ్బుల పేర్లన్నీ చీటీల మీద రాసి, కనపడినవాటికల్లా గుండుసూదితో గుచ్చుతుంది. తల్లి పమిటకి 'అతి ఆందోళన'. కుక్కరుకి 'కోపం ఆపుకోలేకపోవడం'. తనకి పదిహేడు. తర్వాత గుమ్మంలో నిలబడి తమ్ముడికి వినపడేలా ఒక్కో పేరూ చదువుతుంది.

"నా జబ్బు పేరు నాకు తెలుసక్కా" అంటాడు భాస్కరం ఆ చివర్నుంచి. "డాక్టరుగారు చెప్పారు. నువ్వొచ్చి కూర్చో."

పుస్తకం సిగ్గుపడి మొదటి పేజీకి తిరుగుతుంది. అక్కడ అభ్యాసం ఒక్కటే ఉంది: ఎదుటి మనిషి పక్కన కూర్చోండి. పది నిమిషాలు ఏమీ చెప్పకండి.

ఆమె గుమ్మం దాటబోతుండగా వీధరుగు మీద హైమ టీచరు కుర్చీ లాక్కుంటుంది. జనాభా లెక్కలకి వచ్చింది. ఆవిడ రాసింది పదేళ్ళదాకా చెరగదు. ఆ కాగితంలో లేనివాడు ఈ ఇంట్లోనూ ఉండడు, కంచం ఎంత తోసినా అందదు. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"ఇంట్లో ఎందరమ్మా?"

"ఇద్దరమేనండీ. మావాడు భిలాయిలో..." అంటుంది సీతారావమ్మ.

పెన్సిలు కాగితానికి తగలగానే గది గూడ్సుబండిలా దడదడలాడుతూ సాగుతుంది. మంచం అగ్గిపెట్టెంత అవుతుంది.

"రాయకండి టీచరుగారూ, ముగ్గురం!" వకుళ అరుపుకి వీధి ఉలిక్కిపడుతుంది.

"ఒసే, ఇంటి గుట్టు లంకకు చేటే!"

"లంక ఎప్పుడో కాలిపోయిందమ్మా. నువ్వు బూడిదకి కాపలా కాస్తున్నావు."

హైమ టీచరు కళ్ళజోడు సర్దుకుని లోపలికి చూస్తుంది. "నాకక్కడ అగ్గిపెట్టె కనపడుతోందమ్మా. అగ్గిపెట్టెకి వయసెంతని రాయను?"

"ఉండండి. తీసుకొస్తాను."

తిరిగొచ్చే దారి తప్పకుండా కట్టుకోడానికి టేపు చాలదు. వకుళ బియ్యం డబ్బా బోర్లించి, చింపిన ముక్కలన్నీ మిషను మీద ఒకదానికొకటి కలిపి కుడుతుంది. మానసిక వైద్య నిపుణులు, మానసిక వైద్య నిపుణులు, మానసిక వైద్య నిపుణులు. ఒక కొస మిషను కాలికి కట్టి, రెండో కొస పట్టుకుని నడుస్తుంది. గోడల పక్కన, భిలాయి రైలు దారిలోని తుని దాటుతుంది, రాయగడ దాటుతుంది. కాళ్ళు బొబ్బలెక్కుతాయి. వెనక్కి మాత్రం తిరగదు.

మంచం అంచున కూర్చుంటుంది. నోటిదాకా వచ్చిన సలహాలన్నీ మింగేస్తుంది. ఏడు నిమిషాలు. ఎనిమిది. తొమ్మిది.

"ఆరేళ్ళ నుంచీ చారులో ఉప్పెక్కువవుతోందక్కా" అంటాడు భాస్కరం పదో నిమిషంలో. "ఎవరితో చెప్పను?"

వకుళకి ఏడుపొస్తుంది. దాచుకోదు.

అతను లేచి, మంచం పక్కకి జరిపి, గదిని ఆ కొస నుంచి గుడ్డ తానులా చుట్టడం మొదలుపెడతాడు. చుట్టి చుట్టి భుజాన వేసుకుని అక్కతోపాటు వీధరుగు మీదికి వస్తాడు.

"భాస్కరం. ముప్పై నాలుగు. ఉద్యోగం లేదండీ. మనసుకి మందులు వేసుకుంటాను."

"మందులకి గడి లేదు బాబూ."

"లేకపోతే గీయండి" అంటుంది వకుళ.

హైమ టీచరు స్కేలు తీసి గీస్తుంది.

సీతారావమ్మ కొడుకు భుజం మీది తానుని చేత్తో తడుముతుంది. ఎంత బరువో చూసుకుంటుంది. "నా కొడుకేనమ్మా. ఇంట్లోనే ఉన్నాడు. రాసుకో" అంటుంది.

ఎదురింటి తలుపు తెరుచుకుంటుంది. నాలుగేళ్ళుగా దుబాయిలో ఉందంటున్న వాళ్ళ కోడలు తాను ఒకటి భుజాన వేసుకుని బయటికొస్తుంది. ఆ పక్కింట్లోంచి సూరతులో ఉన్న పెద్దాయన. మూడో ఇంట్లోంచి హాస్టల్లో ఉన్న కవలలు, ఒకే తానుని చెరో కొసా పట్టుకుని. వకుళ మిషను ముందు వరుస సందు మలుపు దాటిపోతుంది.

"ఇంత గుడ్డతో ఏం కుడతావే?" అని సీతారావమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అడుగుతుంది.

"షామియానా."

"పెళ్ళెవరిది?"

"పెళ్ళి లేదు. అందరం కూర్చుంటాం."

మొదటి కుట్టు పడుతుంది. స్టేషనులో ఉత్తరాదికి వెళ్ళాల్సిన రైలు పట్టాలు దిగి, సందులోకి తిరిగి, వరుస చివర నిలబడుతుంది. దాని పెట్టెల నిండా కంచాలు, ప్రతి కంచంలోనూ చారు పొగలు కక్కుతోంది. హైమ టీచరు పెన్సిలు చెక్కుకుని, ఇంజను ముందు కుర్చీ వేసుకుని అడుగుతుంది:

"మీ ఇంట్లో ఎందరండీ?"