నొప్పి లేదంది

"చెవులకి ఆ డిప్పలు తగిలించుకుని కూర్చుంటే, రేపు నేను పడిపోయి పిలిచినా నీకు వినబడదు కదమ్మా," అన్నారు అత్తగారు గుమ్మంలో నిలబడి. ఆవిడేం పడిపోలేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో అడగడానికి వచ్చారు. అది ఆవిడ నెత్తి మీదే ఉంది. "నెత్తి మీద చూడండి అత్తయ్యా," అని చెప్పి మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పెడల్ మీద నుంచి కాలు తీయడం మర్చిపోయినట్టున్నాను, ఈలోగా నా చెవిలో డాక్టర్ ఎవరిదో మోకాలు సగం కోసేసి కుట్లు కూడా మొదలుపెట్టేశాడు. వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచీ విన్నాను.

డాక్టర్లు పేషెంటుని చూశాక, చూసిందంతా రికార్డర్‌లో గబగబా చెప్పేస్తారు. ఆ ఆడియో ఫైలు నాకొస్తుంది. విని, టైపు చేసి పంపడం నా పని. కాలికింద పెడల్ నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో నొక్కితే వెనక్కి వస్తుంది. పెళ్ళయ్యాక నేను ఆగమంటే ఆగిన గొంతు, మళ్ళీ చెప్పమంటే విసుక్కోకుండా మళ్ళీ చెప్పిన గొంతు ఇదొక్కటే. పడకగదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ఇస్త్రీ బల్లే నా ఆఫీసు. ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు కుర్చీ వీపు మీద వేలాడుతుంటాయి, నా పని ఎప్పుడవుతుందా అని చూస్తున్నట్టు.

ఇంకా ట్రయల్‌లోనే ఉన్నాను. స్పెల్లింగు తప్పులూ, కామాలూ క్షమిస్తారు. అర్థం మారిపోయే తప్పు ఒకటి చేస్తే హెచ్చరిక, రెండోది చేస్తే ఇంటికే. "ఇంటికే" అని, మేం కొట్టినవి సరిచూసే ఎడిటర్ గారు అన్నప్పుడు నవ్వొచ్చింది, నేనున్నది ఇంట్లోనే కదా అని. తర్వాత నవ్వు రాలేదు. ఎందుకంటే ఒకటి అప్పటికే చేసేశాను. ఈ మోకాలు తర్వాత ఇంకొక్కటే, అదే చివరి ఫైలు, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా పంపెయ్యాలి. ఇందులో ఇంకో తప్పు పడితే నేను మళ్ళీ ఉత్త ఇంట్లో మనిషిని.

ఇవాళే మా ఆడపడుచూ, ఆవిడ భర్తా భోజనానికి వస్తున్నారు. నిన్న వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ మా ఆయన నా వైపు చూడను కూడా చూడకుండా అన్నారు, "దానికేం ఇబ్బంది లేదక్కా, ఇంట్లోనే ఉంటుందిగా." నేను ఎదురుగానే ఉన్నాను, ఆయన తిన్న కంచం తీస్తూ. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో ఆ సగం లెక్క కూడా లేదు, మౌనమంటే నిండు అంగీకారమే. పొద్దున్నే లేచి కూరలు దింపేసి, కుక్కర్ మాత్రం మిగిల్చి వచ్చి కూర్చున్నాను.

మొదటి తప్పు సంగతి చెప్పాలి. ఎవరో పెద్దావిడ రిపోర్టు. డాక్టర్ "పేషెంట్ డినైస్ పెయిన్" అన్నాడు. చదవడానికి చక్కగా, పొట్టిగా ఉంటుందని నేను "నో పెయిన్" అని కొట్టాను. మర్నాడు ఎడిటర్ గారి నుంచి ఫోను. ఆవిడ గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది, తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో చివరిదాకా తెలీదు.

"మీరు నో పెయిన్ అని ఎందుకు కొట్టారు?"

"రెండూ ఒకటే కదండీ మేడమ్?"

"ఎలా ఒకటవుతాయమ్మా? తెలుగులో చెప్తాను వినండి. నొప్పి లేదు. నొప్పి లేదంది. ఈ రెండూ ఒకటేనా?"

ఆ రెండు ముక్కలూ చేతికందిన కాగితం మీద రాసుకున్నాను.

"లేదు అంటే డాక్టర్ మాట. లేదంది అంటే పేషెంట్ మాట. డాక్టర్ అడిగాడు, ఆవిడ లేదంది, అంతవరకే మనకి తెలుసు. లోపల ఉందో లేదో మనకి తెలీదు. రేపు అదే మనిషి నొప్పితో మెలికలు తిరుగుతూ వస్తే, ఎవరు ఏమన్నారో కాగితం మీద ఉండాలి. ఎవరి మాట వాళ్ళకి ఉంచండి. వినబడకపోతే ఖాళీ వదలండి. అంతేగానీ మీరు పూరించకండి."

ఫోను పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఉద్యోగం భయం ఒకటైతే, ఆ "అంది" నన్ను పట్టుకుని వదల్లేదు. పాప పుట్టిన మరుసటేడు నాకు నెలలో సగం రోజులు రక్తం పోయేది. వంగి బకెట్ ఎత్తితే కళ్ళు బైర్లు కమ్మేవి. చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. కుడిపక్క ఆయన, ఎడమపక్క అత్తగారు, మధ్యలో నేను. డాక్టరమ్మ నన్నే చూస్తూ అడిగింది, "కడుపులో నొప్పి ఉంటోందా?" అత్తగారు అందుకున్నారు, "నొప్పేం లేదండీ, కాస్త నీరసం. తిండి సరిగ్గా తినదు." "టెన్షన్ ఎక్కువండీ తనకి, ఊరికే కంగారుపడుతుంది," అన్నారు ఈయన. డాక్టరమ్మ పెన్ను కదిలింది. నేను ఆ పెన్నునే చూస్తూ కూర్చున్నాను. బలం మాత్రలు రాసిచ్చింది. ఆ తర్వాత స్నానాలగదిలో పడిపోయి, రక్తం ఎక్కించేదాకా వచ్చింది వ్యవహారం. ఎక్కడో ఏ బీరువాలోనో ఆ కాగితం ఇప్పటికీ ఉండే ఉంటుంది. అందులో "నొప్పి లేదంది" అనే రాసి ఉంటుంది. ఎవరంది? నేనైతే నోరు విప్పలేదు. విప్పలేదని మాత్రం అందులో ఉండదు.

ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ తర్వాత వాళ్ళు చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. నేనే నేర్చుకున్నాను. ఏమైందంటే ఏం లేదు. ఎందుకలా ఉన్నావంటే ఏం లేదు. నా నోట్లోంచి "ఏం లేదు" ఎంత సులువుగా వస్తుందంటే, నిద్రలో లేపి అడిగినా అదే చెప్తాను.

సరే, మోకాలు పంపేసి ఆ చివరి ఫైలు తెరిచాను. ఈ డాక్టర్ ఏదో నములుతూ మాట్లాడతాడు. బహుశా ఆయనకీ భోజనానికి టైము దొరకదు కాబోలు. నములుడు మధ్యలో మందుల పేర్లు పట్టుకోవడం నాకు అలవాటైంది. కానీ సగంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "పేషెంట్ డి...స్ చెస్ట్ పెయిన్." ఆ మధ్యలో గుటక మింగాడు. డినైస్ అన్నాడా, డిస్క్రైబ్స్ అన్నాడా? ఛాతీ నొప్పి లేదందా, ఉందని వర్ణించి చెప్పిందా? మడమతో వెనక్కి తిప్పాను. మళ్ళీ గుటక. వేగం తగ్గించి విన్నాను. గుటక ఇంకా పొడుగ్గా వినిపించింది. తర్వాతి వాక్యాల్లో ఏమైనా తెలుస్తుందేమోనని చివరిదాకా వెళ్ళాను. బీపీ, కాళ్ళ వాపు, మందులు. ఛాతీ ఊసు మళ్ళీ లేదు.

అప్పుడే హాల్లో కాలింగ్ బెల్లు, వెంటనే నవ్వులు. వదిన గొంతు వీధి చివరికి వినబడుతుంది. హెడ్‌ఫోన్స్ చెవులకి అదిమిపెట్టుకున్నాను. గుటక, వదిన నవ్వు, గుటక.

"ఏంటోయ్, మా చెల్లెమ్మని ఉద్యోగంలో పెట్టావట! ఇల్లు గడవట్లేదా ఏంటి?" అన్నారు అన్నయ్యగారు, అంటే వదిన భర్త. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వు మాత్రం కాస్త ఆలస్యంగా వినబడింది. ఆ ఆలస్యం నాకు బాగా తెలుసు. అది తర్వాత నా మీదకే వస్తుంది.

వచ్చింది. తలుపు తోసుకుని వచ్చి ఒక పక్క హెడ్‌ఫోన్ లాగారు. "వాళ్ళొచ్చి ఎంతసేపైందో తెలుసా? టీ కూడా లేదు."

"ఒక్క మాట దగ్గర ఆగానండీ. అదొక్కటి తేలితే పంపేసి వచ్చేస్తాను."

"ఒక్క మాటకా ఇంత రాద్ధాంతం? ఏదో ఒకటి పెట్టేసి రా."

"పెట్టకూడదండీ. అటైతే నొప్పి ఉన్నట్టు, ఇటైతే లేనట్టు."

"నీ ఒక్క మాటకి ఎవరి ప్రాణాలూ పోవులే," అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు, "నేను టైంపాస్‌కి చేసుకోమన్నాను. ఇంట్లో ఏదీ ఆగకూడదనే మాట మీద ఒప్పుకున్నాను. బావ ముందు నా తల కొట్టేసినట్టయింది."

టీ పెట్టి, పక్క పొయ్యి మీద కుక్కర్ ఎక్కించాను. పొయ్యి ముందు నిలబడి ఆ వాక్యాన్నే లోపల తిప్పుకుంటున్నాను. "డినైస్" అని పెట్టేస్తే ఏం పోతుంది? ఎక్కువ రిపోర్టుల్లో అదే ఉంటుంది. ఎక్కువమంది లేదనే అంటారు. ఖాళీ వదిలితే పని చేతకాదనుకుంటారేమో, చివరి ఫైల్లో ఖాళీ ఏమిటని తీసేస్తారేమో. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నా ఉద్యోగం పోగొట్టుకోవాలా? కప్పులు అందిస్తుంటే వదిన నా మొహంలోకి చూసి, "ఏమే, అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్? ఒంట్లో బాలేదా?" అంది. "ఏం లేదు వదినా," అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. అక్కడ ఆ మనిషి కూడా డాక్టర్ అడిగితే ఇలాగే అనుంటుందా? అనకపోయి ఉంటే? ఉందని చెప్పుకుని ఉంటే? దాన్ని నేను లేదని రాసేస్తే, ఆ డాక్టరమ్మ పెన్నుకీ నా కీబోర్డుకీ తేడా ఏముంది?

గదిలోకి వెళ్ళి, ఆ మాట దగ్గర ఖాళీ పెట్టి, ఆడియోలో ఎక్కడుందో పక్కన గుర్తు వేసి పంపేశాను. వెళ్ళి కుక్కర్ మూత తీసి, వడ్డించడం మొదలుపెట్టాను.

అందరూ సగం భోజనంలో ఉండగా హాల్లో నా ఫోను మోగింది. గదిలో ప్లగ్గు కంప్యూటర్‌కే సరిపోతుంది, అందుకని ఫోను హాల్లో ఛార్జింగ్ పెడతాను. నేను వంటింట్లోంచి వచ్చేలోగా మా ఆయన ఎడమచేత్తో తీసేశారు.

"ఆఁ, చెప్పండి... నేను వాళ్ళ హస్బెండ్‌నండీ. తను కాస్త పనిలో ఉంది... మీరే చేశారు, మంచిదైంది. తనకి వీలుపడట్లేదండీ. ఇంటి పనీ అదీ... చెయ్యలేకపోతున్నానంది. అవునండీ, మానేస్తానంది."

అంది. అందట. చేతిలో కూర గిన్నెతో గుమ్మం మధ్యలో ఆగిపోయాను. ఆయన నన్ను చూశారు. చూసి కూడా ఆగలేదు, అన్నయ్యగారి వైపు ఒక చిన్న నవ్వు నవ్వారు, చూశావా, ఇల్లు నా మాట మీదే నడుస్తోందన్నట్టు. ఆ నవ్వు చూసేసరికి నాలో భయం పోయింది. వట్టి కోపం మిగిలింది. అంత కోపం నాకు ఉందని నాకే తెలీదు. గిన్నె బల్లమీద పెట్టాను. చెయ్యి చాపాను.

"ఇటివ్వండి."

"నేను మాట్లాడుతున్నాగా."

"ఫోను నాది. ఇవ్వండి."

వదిన అన్నం కలపడం ఆపింది. ఇచ్చారు, అందరూ చూస్తున్నారు కాబట్టి ఇచ్చారు.

"మేడమ్, నేనే," అన్నాను. "మానేస్తానని నేననలేదు. అది ఆయన మాట."

అవతల కీబోర్డు టకటకలాడింది.

"సరే," అన్నారావిడ. అదే గొంతు, అదే ఎత్తు. "మీ ఫైలు చూశాను. ఆ ఖాళీ దగ్గర నేనూ నాలుగుసార్లు విన్నాను, నాకూ తేలలేదు. డాక్టర్‌నే అడగమని పంపించాం. మీ ట్రయల్ అయిపోయిందమ్మా, మిమ్మల్ని తీసుకుంటున్నాం. అది చెప్పడానికే చేశాను."

నాకు ఏడుపొచ్చింది. అత్తగారు "ఏమంటున్నారే?" అని సైగ చేస్తున్నారు. మా ఆయన కంచంలోకే చూస్తున్నారు, తినకుండా.

"ఇంకొకటి," అన్నారు ఎడిటర్ గారు. "ఇంటి నుంచి చేసేవాళ్ళందరినీ అడుగుతాను. టైములు దాన్నిబట్టే వేస్తాం. మీకు అక్కడ పనిచెయ్యడానికి ఇబ్బంది ఏమైనా ఉందా?"

మాట బయటికి వినబడినట్టుంది. మా ఆయన తల ఎత్తి, అరచెయ్యి అడ్డంగా ఊపారు, లేదని చెప్పు అని. నా నోట్లో ఆ మాట అప్పటికే తయారుగా ఉంది, పెదవుల దాకా వచ్చేసింది కూడా.

"ఉందండీ," అన్నాను.

"చెప్పండి, రాసుకుంటున్నాను," అన్నారావిడ.

ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను.